ల్యాప్‌టాప్ కార్డా, వర్క్‌స్టేషన్ కార్డా?

(సంఘ వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు ఆదేశించినప్పుడు మేము కొంచెం వెనకాడినాము. వార్షిక సమావేశమంటే పిల్లల ఫీజులు, వితంతువులకిచ్చే సాయం, ఖబరస్తాన్ గోడ, జమాఖర్చులు మాట్లాడుకునే చోటు. ఇందులో గ్రాఫిక్స్ కార్డు సంగతేమిటని మీరు అడగవచ్చు. అయితే ఈసారి జమాఖర్చుల్లోనే ఆ కార్డు వచ్చి కూర్చున్నది. విద్యానిధిలో ఉన్న డబ్బుతో మూడు ల్యాప్‌టాప్‌లు కొందామా, లేక సంఘం గదిలో ఒక పెద్ద వర్క్‌స్టేషన్ పెడదామా అన్నది ఈ మధ్యాహ్నం మీరు తేల్చవలసిన విషయం. డబ్బు మీది. కాబట్టి దేనికి ఖర్చవుతుందో మీకు తెలిసి తీరవలె.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకుంటాము. రెండేండ్ల కిందట ఇద్దరు పిల్లలకు సంఘం తరఫున రెండు ల్యాప్‌టాప్‌లు కొన్నాము. ఒక పిల్లవాడు కంప్యూటర్ సైన్సు, ఒక ఆడబిడ్డ మెకానికల్. కొనే బాధ్యత మాదే. ఒక పెద్ద ఊరికి పోయి, ఒక పెద్ద అంగడిలో, రెండు కంపెనీలవి రెండు తీసుకున్నాము. రెండింటి మీదా ఒకే స్టిక్కరు: ఆర్‌టీఎక్స్ 4060. పిల్లవానిది లావుగా, బరువుగా ఉన్నది. ఆడబిడ్డది పలుచగా, చూడ ముచ్చటగా ఉన్నది. బస్సెక్కి దిగి మోసుకొని తిరగవలసిన బిడ్డ కదా అని ఇంకో ఎనిమిది వేలు ఎక్కువ పెట్టి మరీ పలుచనిది తీసుకున్నాము. అంగడివాళ్ళు రెండూ ఒకటేనండీ అన్నారు. మేమూ నమ్మినాము.

ఒకటి కావని ఆర్నెల్ల తరువాతగానీ తెలియలేదు. ఒకే బొమ్మను రెండింటిలోనూ తయారు చేయిస్తే, పిల్లవాని లావు ల్యాప్‌టాప్‌లో గంటలో అయ్యే పని ఆడబిడ్డ దాంట్లో గంటన్నర పైన పట్టింది. ఆ బిడ్డ తనకే ఏదో చేతకాలేదనుకున్నది. సంఘం ఇచ్చిన వస్తువు, దానికి వంక పెడితే బాగుండదని వాళ్ళ అబ్బాజాన్ నోరు తెరవనియ్యలేదు. ప్రాజెక్టు ఆలస్యమై కాలేజీలో మాట పడిన తరువాత వాళ్ళ అమ్మీజాన్ మా ఇంట్లో ఆడవాళ్ళతో అంటే మా చెవిన పడింది. ఈ ప్రసంగానికి మూలం అదే. ఇచ్చేవాడికి తెలియకపోతే పుచ్చుకున్నవాడు బాధపడతాడు, పైగా బయటికి చెప్పుకోలేడు.

సరే, గ్రాఫిక్స్ కార్డంటే ఏమిటో పెద్దల కోసం ఒక మాట. శెనక్కాయ చెట్లు పీకి కుప్ప వేసినాక కాయలు ఒలిచే కాలం మీ అందరికీ తెలుసు. ఒక మేస్త్రీ ఎంత తెలివైనవాడైనా కుప్పనంతా ఒక్కడే ఒలవలేడు. యాభై మంది కూలీలు వరుసగా కూర్చుంటే మధ్యాహ్నానికి పని ముగుస్తుంది. ఆ పనికి తెలివితో అవసరం లేదు, చేతులు కావాలె. కంప్యూటర్లో ప్రాసెసర్ మేస్త్రీ వంటిది. గ్రాఫిక్స్ కార్డు కూలీల వరుస వంటిది. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే 20 లక్షల 73 వేల పైచిలుకు. బొమ్మ కదలాలంటే ఆ చుక్కలన్నిటికీ రంగు సెకనుకు 60 సార్లు లెక్కగట్టవలె. అంటే సెకనుకు 12 కోట్ల చుక్కలు దాటిపోతాయి. అందుకే వేల సంఖ్యలో చిన్న చిన్న గణన యంత్రాలను ఒకే చిప్పులో ఇరికిస్తారు.

ఆటల కోసం పుట్టిన ఈ చిప్పులు తరువాత వేరే పనులకు అలవాటు పడ్డాయి. ఎన్విడియా కంపెనీ 1993లో మొదలయింది. 1999లో జీఫోర్స్ 256 అనే కార్డు తెచ్చింది. దాదాపు అదే కాలంలో ఇంజనీర్ల కోసం క్వాడ్రో అనే పేరుతో వేరే వరుస పెట్టింది. 2006లో కుడా అనే పద్ధతిని ప్రకటించి, బొమ్మలు గీయడమే కాక లెక్కలు చేయడానికి కూడా ఈ చిప్పులను వాడుకునే దారి తెరిచింది. ఇప్పుడు అందరి నోటా నానుతున్న ఏఐ ఆ దారి వెంటనే నడిచి వచ్చింది. ఏఎండీ వాళ్ళకూ రేడియన్, రేడియన్ ప్రో అని ఇట్లాంటి రెండు వరుసలే ఉన్నాయి. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 2012లో వచ్చిన ‘ఈగ’ సినిమా. అందులో ఈగను పుట్టించింది హైదరాబాదులోని మకుట సంస్థవాళ్ళు. మన పిల్లలకు ఆ దారిలోనూ పని ఉన్నది.

బొమ్మను చుక్కల లెక్కగా మార్చడం మన ప్రాంతానికి కొత్తేమీ గాదు. ధర్మవరంలో పట్టుచీర అంచుకు గళ్ళకాగితం మీద నమూనా వేసి, దాన్ని జకార్డు అట్టలకు రంధ్రాలుగా గుద్దే పని తెలియని ఇల్లుండదు. రంధ్రముంటే దారం లేస్తుంది, లేకుంటే లేవదు. ఫ్రాన్సులో జకార్డు 1804లో ఆ మగ్గం పద్ధతి పెట్టినాడు. కంప్యూటరు ముత్తాతల్లో అదొకటని చదువుకున్నవాళ్ళు చెబుతారు. ఇది సందర్భం వచ్చి చెప్పిన మాట, అసలు సంగతికి వస్తాము.

వర్క్‌స్టేషన్ కార్డు ఖరీదెక్కువ గనుక వేగం కూడా ఎక్కువని మేమూ అనుకున్నాము. విచారిస్తే అది నిజం గాదు. ఎన్విడియా వాళ్ళ ఏడీ107 అనే ఒకే చిప్పు వేరు వేరు పేర్లతో అమ్ముడవుతున్నది. ల్యాప్‌టాప్‌లో పెడితే జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060. ఇంజనీర్ల ల్యాప్‌టాప్‌లో పెడితే ఆర్‌టీఎక్స్ 2000 అడా. బల్లకింద పెట్టే టవర్ కంప్యూటర్లో పెట్టే కార్డు పేరు కూడా ఆర్‌టీఎక్స్ 2000 అడానే, ఇది 2024లో వచ్చింది. ల్యాప్‌టాప్ 4060లో కుడా కోర్లు, అంటే మన లెక్కలో కూలీలు, 3072. టవర్ కార్డులో 2816. జ్ఞాపకశక్తి నుంచి చిప్పుకు సమాచారం పారే వేగం ల్యాప్‌టాప్‌లో సెకనుకు 256 జీబీ, టవర్ కార్డులో 224. చూసినారా, రెండు లెక్కల్లోనూ ల్యాప్‌టాప్ కార్డే ముందున్నది. మీ ఇంట్లో పిల్లవాడు ఆటలాడుకోవడానికి వర్క్‌స్టేషన్ కార్డు కావాలని మారాం చేస్తే, వాడికి తెలియదు లేదా మీకు తెలియదనుకుంటున్నాడు.

మరి ఎక్కువ డబ్బు దేనికి? ఒకే విత్తనం ఎర్రనేలలో వేస్తే ఒక తీరు, నల్లరేగడిలో వేస్తే ఒక తీరు పండినట్లు, చిప్పు ఒకటే అయినా దాని చుట్టూ ఉన్నవి వేరు.

మొదటిది జ్ఞాపకం. ల్యాప్‌టాప్ 4060కు 8 జీబీ. ఇంజనీర్ల ల్యాప్‌టాప్ కార్డుకూ 8 జీబీనే. టవర్ కార్డుకు 16 జీబీ. బోరు ఎంత పోసినా తొట్టి చిన్నదైతే మడికి పారేది అంతే గదా. మా కంప్యూటర్ సైన్సు పిల్లవాడు శెనక్కాయ ఆకుకు వచ్చే తిక్కాకు తెగులును ఫోటో చూసి గుర్తుపట్టే ప్రోగ్రాము చేస్తున్నాడు. చిన్న ఫోటోలతో ల్యాప్‌టాప్ చక్కగా పని చేసింది. ఆకు మీద మచ్చ స్పష్టంగా కనబడే పెద్ద ఫోటోలు పెట్టేసరికి మెమరీ చాలలేదని రాసి ఆగిపోయింది. ఒక విడతకు పెట్టే ఫోటోల సంఖ్య తగ్గించి ఎట్లో నెట్టుకొచ్చినాడు. ఇంకో లెక్క చెబుతాము. మనతో మాట్లాడే ఏఐ నమూనాల్లో కొన్నిటికి 700 కోట్ల అంకెలుంటాయి. ఒక్కో అంకెకు 2 బైట్ల చొప్పున 14 జీబీ కావాలె. 16లో పడుతుంది, 8లో పట్టదు. అంకెలను కుదించి నాలుగో వంతుకు తెచ్చి 8 జీబీలో కూడా నడపవచ్చు, కాకపోతే జవాబుల నాణ్యత కొంత తగ్గుతుంది.

రెండవది తప్పు దిద్దుకునే గుణం. వర్క్‌స్టేషన్ కార్డు మెమరీకి ఈసీసీ అని ఒక ఏర్పాటుంటుంది. లోపల ఒక అంకె తారుమారైతే అదే పట్టుకొని సరిచేస్తుంది. మన కోశాధికారిగారు ప్రతి చిట్టా రెండుసార్లు కూడి చూస్తారు చూడండి, అట్లాంటిదే. రాత్రంతా నడిచే లెక్కలకు ఇది అవసరం. పిల్లల చదువుకు అంత పట్టింపు లేదని మా అభిప్రాయం.

మూడవది సర్టిఫికెట్టు. మా ఆడబిడ్డ అవస్థలో సగం ఇక్కడే వచ్చింది. సాలిడ్‌వర్క్స్, కటియా, సీమెన్స్ ఎన్‌ఎక్స్ వంటి యంత్రాల డిజైను సాఫ్ట్‌వేర్ల కంపెనీలు ఏ కార్డుతో, ఏ డ్రైవరుతో తమ సాఫ్ట్‌వేరు పరీక్షించినారో జాబితా పెట్టుకుంటారు. ఆ జాబితాలో ఉండేవి వర్క్‌స్టేషన్ కార్డులు. జీఫోర్స్ కార్డులకు సాధారణంగా చోటుండదు. సాలిడ్‌వర్క్స్‌లో రియల్‌వ్యూ అని ఒక బొత్తాముంటుంది, లోహం లోహంలా, గాజు గాజులా కనబడేటట్లు చేస్తుంది. ఈ బిడ్డ ల్యాప్‌టాప్‌లో ఆ బొత్తాము ఎప్పుడూ బూడిదరంగులోనే ఉండేది, నొక్కినా పలకదు. పెద్ద యంత్రాన్ని తెరిస్తే గీతలు వణికేవి. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే మొదటి ప్రశ్నే మీ కార్డేమిటని. చెప్పగానే, అది మా జాబితాలో లేదమ్మా అని పెట్టేసినారట. కార్డుకు చేతకాక గాదు, పూచీ పడేవాడు లేక. పెండ్లికి వాగ్దానం చేసినవాడు ఒకడుండి, సాక్షి లేనట్లు.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలచినాము. ఈ సర్టిఫికెట్టు అందరికీ అక్కరలేదు. బ్లెండర్ ఉచితం, ఫ్రీక్యాడ్ ఉచితం. అవి ఏ కార్డూ అడగవు. పెండ్లి వీడియోలు కత్తిరించే పిల్లలకూ, ఆల్బం డిజైను చేసే పిల్లలకూ జీఫోర్స్ చాలు, దానికే ఎన్విడియా స్టూడియో డ్రైవరని వేరేగా ఇస్తున్నది. సాలిడ్‌వర్క్స్ కూడా నేర్చుకునే దశలో, నూరిన్ని విడిభాగాల దాకా, జీఫోర్స్ మీద నడుస్తుంది. కార్ల కంపెనీలకు భాగాలు తయారుచేసే చోట ఉద్యోగానికి పోయి, వేల భాగాల యంత్రం తెరవవలసి వచ్చినప్పుడే తేడా తెలుస్తుంది. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినాక మన పిల్లల్లో మెకానికల్ చదివేవాళ్ళకు ఆశ పుట్టింది. ఆ ఆశకు తగిన అభ్యాసం దొరకడం లేదన్నదే మా బాధ.

ఇక నాలుగవది, మన అనంతపురానికి అన్నిటికంటె ముఖ్యమైనది: వేడి. ఇక్కడే మా రెండు ల్యాప్‌టాప్‌ల చిక్కుముడి విడిపోతుంది. ల్యాప్‌టాప్ 4060కు కంపెనీవాళ్ళు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా కరెంటు ఇవ్వవచ్చు. స్టిక్కరు మాత్రం ఒకటే. లావు ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫ్యాన్లు పట్టినాయి గనుక పూర్తి కరెంటు ఇచ్చినారు. పలుచని దాంట్లో వేడి బయటికి పోయే దారి లేదు గనుక అందులో సగం దగ్గర కట్టేసినారు. ఎనిమిది వేలు ఎక్కువ పోసి మేము కొన్నది ఆ పలుచదనాన్ని. ఇది మోసమని అనలేము, ఎందుకంటే కాగితాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉన్నది. చెప్పనందుకు అంగడివాళ్ళనూ, అడగనందుకు మమ్మల్నీ అనుకోవలె.

దానికి తోడు మన మే నెల. రేకుల ఇంట్లో, మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటినప్పుడు ల్యాప్‌టాప్ లోపల చిప్పు 80 దాటుతుంది. అప్పుడది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎర్రదుమ్ము పోయి ఫ్యాన్లలో కూరుకుంటే మరీ కష్టం. ఆ బిడ్డ తడిగుడ్డ మీద ఇత్తడి తాంబాళం బోర్లించి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి పని చేసుకున్నది. మేము చూసి నవ్వినాము, తరువాత సిగ్గుపడినాము. టవర్లో పెట్టే 2000 అడా కార్డు 70 వాట్లకు మించి తాగదు, వేరే తీగ కూడా అక్కరలేదు. పెట్టె లోపల గాలి ఆడుతుంది. దుమ్ము పడితే మూత తీసి ఊదుకోవచ్చు. చెడిపోతే కార్డొక్కటి పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో చిప్పును బోర్డుకే అతికించి ఉంటారు, అది పోతే బోర్డు మొత్తం మార్చవలె. గ్యారంటీ కూడా ల్యాప్‌టాప్‌లకు ఎక్కువగా ఒక ఏడాది, వర్క్‌స్టేషన్ కార్డులకు సాధారణంగా మూడేండ్లు ఇస్తారు.

ఇంత చెప్పినాక వర్క్‌స్టేషనే కొందామని మీరనుకుంటారు. ఆగండి. టవర్ కదలదు. సంఘం గదికి రావలె. మగపిల్లలు రాత్రి పది గంటలకైనా వస్తారు, పోతారు. ఉరవకొండ వైపు నుంచీ, కళ్యాణదుర్గం వైపు నుంచీ బస్సులో వచ్చి చదువుకునే ఆడబిడ్డ సాయంత్రం ఆఖరి బస్సు చూసుకోవలె గదా. టవర్ మాత్రమే కొంటే ఆడపిల్లలకు ఏమీ కొననట్లేనని మా ఇంట్లోవాళ్ళు ముఖం మీదే చెప్పినారు, అందులో నిజమున్నది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, టవర్‌కు యూపీఎస్ కావాలె. అయితే బ్యాటరీ మీద నడిచేటప్పుడు ల్యాప్‌టాప్ కార్డు కూడా వేగం బాగా తగ్గించుకుంటుందని మరువకండి.

అందుచేత మేము ప్రతిపాదించేది ఇది. మూడు ల్యాప్‌టాప్‌ల డబ్బుతో ఒక టవర్, అందులో 16 జీబీ వర్క్‌స్టేషన్ కార్డు, దానికొక యూపీఎస్. మిగిలిన దాంతో వేరే గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్‌లు రెండు. మామూలు ల్యాప్‌టాప్ నుంచి ఇంటర్నెట్ ద్వారా టవర్‌ను తెరిచి పని చేసుకోవచ్చు. దీన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. పని జరిగేది ఇక్కడ, తెర కనబడేది బిడ్డ ఇంట్లో. తాంబాళంతో పని లేదు. ఒక సమయంలో ఒక్కరే వాడవలె గనుక వేళలు పంచవలసి ఉంటుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆడపిల్లలకూ, తరువాత మగపిల్లలకూ అని మా లెక్క. రాత్రంతా నడిచే పెద్ద పనులు పిల్లలు పెట్టేసి పడుకోవచ్చు. నెట్ సరిగా లేని పల్లెల్లో ఇది కుదరదు, ఆ మాట దాచము. అట్లాంటి ఇద్దరి పేర్లు మా దగ్గర ఉన్నాయి, వాళ్ళకు లావు ల్యాప్‌టాప్ ఇవ్వడమే మేలు.

ఏ కార్డన్నది కొనే రోజు ధర చూసి తేల్చుకుందాము. 2025లో తరువాతి తరం కూడా వచ్చింది. అందులోనూ కథ మారలేదు: ల్యాప్‌టాప్ 5060కు 8 జీబీ, ఆర్‌టీఎక్స్ ప్రో 2000 బ్లాక్‌వెల్ టవర్ కార్డుకు 16 జీబీ, 70 వాట్లు. కొత్తది దగ్గరి ధరకు దొరికితే కొత్తదే.

సొంతంగా కొనుక్కునే తల్లిదండ్రులకు ఒకటి రెండు సంగతులు. అంగడిలో స్టిక్కరు చూసి ఊరుకోకండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిపించి, సిస్టం ఇన్ఫర్మేషన్‌లో మాగ్జిమం గ్రాఫిక్స్ పవర్ ఎన్ని వాట్లున్నదో మీ కళ్ళతో చూడండి. చూపించనంటే ఇంకో అంగడికి పొండి. టవర్ 4090, ల్యాప్‌టాప్ 4090 అని పేరు ఒకటే ఉన్నా ఒకటి 24 జీబీ, ఒకటి 16 జీబీ, లోపలి చిప్పే వేరు. సెకండ్ హ్యాండ్ కార్డుల జోలికి తొందరపడి పోకండి. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే డిజిటల్ నాణెం తవ్వకం ఆగిపోయినాక, రాత్రింబగళ్ళు కాలిన కార్డులు బజారుకు చాలా వచ్చినాయి. క్వాడ్రో అని పేరు చూసి కూడా మురిసిపోకండి. క్వాడ్రో కె2000 అనేది 2013 నాటిది, దానికున్నది 2 జీబీ. 2020 నుంచి కంపెనీవాళ్ళు కొత్త కార్డులకు ఆ పేరే మానేసినారు.

మా రెండు ల్యాప్‌టాప్‌లనూ ఈ బల్ల మీద పెట్టినాము. ఒకే బొమ్మను రెండింటిలోనూ మొదలుపెట్టించి వచ్చినాము. లావుదాంట్లో అయిపోయింది, పలుచనిది ఇంకా నడుస్తున్నది. మీరు వచ్చి చెయ్యి పెట్టి వేడి చూడవచ్చు. ఆ ఆడబిడ్డ కూడా ఇక్కడే ఉన్నది, ప్రశ్నలకు మాకంటె బాగా జవాబు చెబుతుంది. నమాజు తరువాత చేతులెత్తి ఓటు వేద్దాము. కొనేది మటుకు ఎండలు ముదరక ముందే కొనవలెనని మనవి.